చుక్కల మందు

జనవరి 11

అన్నయ్యకు,

ఉత్తరం మొదట్లో క్షేమం అడగాలి కాబట్టి అడుగుతున్నాను, క్షేమమా? అయిపోయింది. ఇక నా సంగతి విను.

కంటికి కట్టు విప్పి తొమ్మిది వారాలైంది. శుక్లం తీసేసిన కంటితో నేను సరిగ్గా చూసిన మొదటి వస్తువు మా వంటింటి గోడ. అది తెల్లగోడ అనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను అన్నయ్యా! ఆ జిడ్డు మరకలు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చినవాళ్ళంతా లోపల్లోపల ఏమనుకున్నారో. గోడ కడుగుదామని మా అమ్మాయి చెబుతూనే ఉందట. నాకు వినపడితే కదా. మగ్గాల మిల్లు చెవులు పట్టుకుపోయింది, వయసు కళ్ళు పట్టుకుపోయిందనుకున్నాను. రెంటిలో ఒకటి తిరిగొచ్చింది, అదే పదివేలు. మనిద్దరికీ ఈ ఉత్తరాలే మేలు. ఫోనులో నువ్వు గొంతు చించుకోనక్కర్లేదు, నేను అర్థమైనట్టు నవ్వనక్కర్లేదు.

నీ కళ్ళు ఎర్రబడి దురద పెడుతున్నాయనీ, డిపోలో ఇన్‌స్పెక్టరు మొహంలో మొహం పెట్టి వాసన చూస్తున్నాడనీ రాశావు. నువ్వు మానేసి ఆరేళ్ళు దాటింది. ఏం లాభం, తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. అందుకని ఈ ఉత్తరంతో ఒక చిన్న సీసా పంపుతున్నాను. మా ఊరి బస్సు మీద వచ్చే మీ బట్టతల డ్రైవరు చేతికిచ్చాను. ఆపరేషన్ తర్వాత నాకిచ్చిన చుక్కల మందు. నా కన్ను నిప్పుకణికలా ఉండేది, రెండు రోజుల్లో శుభ్రంగా తెల్లబడింది. రెండు కళ్ళలోనూ రోజుకు నాలుగుసార్లు వేసుకో. వదినను వెయ్యమను, నువ్వైతే సగం చెంపకు పోస్తావు.

బస్సు దుమ్ముకు ఇంతకంటే మంచి మందు లేదు. నా మాట విను, ఒక్కసారైనా.

నీ
గిలక


ఫిబ్రవరి 2

గిలకా,

మందు అందింది. నువ్వన్నట్టే మూడో రోజుకల్లా కళ్ళు తెల్లబడ్డాయి. ఇన్‌స్పెక్టరు మామూలుగా వచ్చి, మొహంలోకి చూసి, పాపం ఏం చెయ్యాలో తోచక టైరు గాలి ఎలా ఉందని అడిగి వెళ్ళిపోయాడు. మీ వదిన ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఇంతకాలం నన్ను డాక్టరుకు చూపించుకోమని నస పెట్టింది తను. డాక్టరెందుకు, మా గిలక ఉండగా అన్నాను. సీసా అయిపోయింది. ఖాళీ సీసా తీసుకెళ్ళి మందుల షాపులో చూపిస్తే మారుమాట లేకుండా అలాంటిదే ఇచ్చాడు. ఇక నీకు శ్రమ లేదు. సీసా ఇప్పుడు నా సీటు పక్కన, టికెట్ల పెట్టె మీద ఉంటుంది. ప్రతి ట్రిప్పు చివర రెండు చుక్కలు వేసుకుంటే కళ్ళు చల్లగా ఉంటాయి.

మీ వంటింటి గోడ సంగతి మాకు ఎప్పటినుంచో తెలుసు. మేము వచ్చినప్పుడు దాన్ని చూడకుండా అన్నం తినడం అలవాటు చేసుకున్నాం.

అన్నయ్య


జూలై 19

గిలకా,

ఆలస్యానికి తిట్టుకో. డిపోలో పని ఎక్కువైంది, మనసూ బాగాలేదు. ఎడమవైపు అద్దం ఈ ఏడాది రెండోసారి విరిగింది. మార్కెట్ సందులో కరెంటు స్తంభం ఉంది చూశావూ, దాన్ని ఎవరో రోడ్డు మీదికి జరిపారని నా అనుమానం. ఇరవై ఆరేళ్ళుగా ఆ సందులో బస్సు తిప్పుతున్నాను, ఎప్పుడూ గీత పడలేదు. ఇప్పుడు నెలకొకటి. కొత్త బస్సుల వెడల్పు ఎక్కువని వాదించాను. మెకానిక్ టేపు తెచ్చి నా ముందే కొలిచి చూపించాడు. పాతవెంతో ఇవీ అంతే.

సంజాయిషీ రాసివ్వమన్నారు. రాసిచ్చాను. స్తంభం సంగతి కూడా రాశాను. చదివి నవ్వుకుని ఉంటారు.

నీ కన్ను బాగుందా? రెండో కంటి ఆపరేషన్ ఎప్పుడు?

అన్నయ్య


ఆగస్టు 8

అన్నయ్యకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఐదోది పంపుతున్నాను, ఏమనుకున్నా సరే.

వదిన రాసింది. నీకు తెలియకుండా రాసింది, తన మీద అరవకు. గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుంటున్నావట. మెట్లు దిగుతూ రెండుసార్లు పడ్డావట. వీధిలో తెలిసినవాళ్ళు పక్కనుంచి పలకరించబోతే చూడకుండా పోతున్నావని, డ్రైవరుగారికి కళ్ళు నెత్తికెక్కాయని పక్కింటివాళ్ళు అంటున్నారట. పళ్ళెం పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు రోజూ దొర్లిస్తున్నావట. తను పూర్తిగా రాయలేదు. పాపం, దేనికి భయపడుతోందో నాకర్థమైంది. నీకూ అర్థమవుతుంది.

మళ్ళీ మొదలెట్టావా?

అద్దం విరగడం, స్తంభం జరగడం, ఇవన్నీ ఇదివరకు విన్న పాటలే. అప్పుడు గేటు జరిగింది, ఇప్పుడు స్తంభం. నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, కళ్ళు ఎర్రగా ఉంటే కనీసం ఇన్‌స్పెక్టరుకైనా దొరికేవాడివి. నేను పంపిన మందుతో ఎరుపు కడుక్కుని స్టీరింగు ముందు కూర్చుంటున్నావు. నీ తాగుడుకు నా చేత్తో ముసుగు కుట్టిచ్చాను.

నాన్న విషయంలోనూ ఇంతే. శుక్లం ముదరనీ, ముదరనీ అని ఎన్నేళ్ళు వాయిదా వేశావు? అది ముదిరేలోపు ఆయన గోడలు తడుముకుంటూనే పోయాడు. నీకు అప్పుడూ సీసాయే ముఖ్యం. పాతికేళ్ళుగా నోట్లో దాచుకున్న మాట ఇది. ఇవాళ రాసేశాను.

బస్సులో అరవైమంది ఉంటారు అన్నయ్యా. వాళ్ళ కోసమైనా నిజం చెప్పు.

గిలక


ఆగస్టు 15

నేను తాగలేదు.

నాన్న గురించి నువ్వన్నది చదివాను. ఇక ఉత్తరాలు రాయకు.


అక్టోబరు 3

అన్నయ్యకు,

నువ్వు వద్దన్నా రాస్తున్నాను. నేను గిలకను, కిర్రుమనకుండా ఉండలేను. తిట్టినందుకు క్షమించమని అడగడం లేదు, తాగలేదన్నావు కాబట్టి నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను. పూర్తిగా నమ్మలేకపోతున్నాను. అదీ నిజమే రాస్తున్నాను.

నాన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటాను. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదికీ సంపాదన నీ ఒక్కడిదే. నేను పెళ్ళి చేసుకుని వచ్చేసి, దూరంనుంచి లెక్చర్లిచ్చాను.

ఒక్క ముక్క రాయి.

గిలక


నవంబరు 21

గిలకా,

ఇది పెద్ద ఉత్తరం. కూర్చుని చదువు.

నాలుగో తారీఖు ఉదయం ఆసుపత్రి స్టాపులో మనుషుల్ని దించి బస్సు కదిపాను. ఎడమవైపు చూశాను. అద్దంలో చూశాను, తలుపువైపూ చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఇంతలో కండక్టరు, ఇరవయ్యేళ్ళుగా నా స్నేహితుడు, నేనెప్పుడూ వినని గొంతుతో "ఆపూ! ఒరే ఆపరా!" అని అరిచాడు. ఆపాను. దిగి చూస్తే ముందు చక్రం కింద చేతికర్ర రెండు ముక్కలై ఉంది. కర్ర తాలూకు ముసలాయన చక్రానికి జానెడు దూరంలో నిలబడి నా మొహంలోకి చూస్తున్నాడు. "నేను చెయ్యి ఊపాను కదా నాయనా, నువ్వు నావైపే చూశావు కదా" అన్నాడు.

నిజమే. ఆయనవైపే చూశాను. అక్కడ నాకు చీకటి కనపడలేదు, మసకా కనపడలేదు. ఖాళీ రోడ్డే కనపడింది. నన్ను భయపెట్టింది అదే. చూపు లేనిచోట లేదని తెలిస్తే జాగ్రత్తపడతాం. లేనిచోట రోడ్డుందని నా బుర్రే అతికించి చూపిస్తోంది.

ఆయన్ని ఆసుపత్రి గుమ్మందాకా నేనే నడిపించి, ఇంజను ఆపి, తాళంచెవి కండక్టరు చేతిలో పెట్టాను. ఇక నేను తోలను అన్నాను. డిపోలో గొట్టం ఊదమన్నారు. ఊదాను. సున్నా. ఇన్‌స్పెక్టరు మళ్ళీ ఊదమన్నాడు. మళ్ళీ సున్నా. ఆ చీటీ మీ వదిన దాచింది, నీకు చూపించాలట.

మర్నాడు కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఒక పెద్ద తెల్లటి గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించి, చేతికి మీట ఇచ్చి, ఎక్కడ చిన్న వెలుగు కనపడినా నొక్కమన్నారు. మధ్యలో నాలుగైదు వచ్చాయి, నొక్కాను. తర్వాత రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. "మిషను ఆగిపోయినట్టుందమ్మా" అన్నాను. "ఆగలేదండీ, ఇందాకటినుంచీ వస్తూనే ఉన్నాయి" అంది పరీక్ష చేసే అమ్మాయి.

అప్పుడు ఏడ్చాను. గిన్నెలో తల పెట్టుకునే ఏడ్చాను.

దీని పేరు నీటికాసులు, ఇంగ్లీషులో గ్లకోమా. కంట్లో ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుందట, ఒక సన్నటి తూములోంచి పోతూ ఉంటుందట. తూము పూడితే లోపల ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు మోసుకెళ్ళే నరాన్ని నొక్కి చంపేస్తుంది. నొప్పి ఉండదు. మధ్యచూపు చివరిదాకా బాగానే ఉంటుంది, అంచులు పోతుంటాయి. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడమే వైద్యం. నాకు ఎడమ కన్ను చాలావరకు పోయింది, కుడి కంట్లో గొట్టంలోంచి చూసినంత మిగిలింది.

డాక్టరమ్మ నాన్న గురించి అడిగింది. గడపలు తన్నుకునేవాడు, పక్కన నిలబడ్డ మనిషిని గుద్దుకునేవాడు, కానీ ఎదురుగా పెట్టుకుని సూదిలో దారం ఎక్కించేవాడని చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. ఒట్టి శుక్లమైతే మంచు కమ్మినట్టు అంతా మసకబారుతుంది, సూదీ దారం అయ్యే పని కాదంది. చూడని కంటి గురించి ఖాయంగా చెప్పలేను కానీ అది బహుశా ఇదేనంది. రెండూ కలిసీ ఉండొచ్చట. ముదిరిన శుక్లం ఉబ్బి ఆ తూముకు అడ్డం పడటం కూడా ఉంటుందట. కంటి జబ్బులు మన చుట్టాల్లాంటివి గిలకా, ఒకరు వచ్చారనుకునేలోపు వెనకే ఇంకొకరు సంచీతో దిగుతారు.

ముదరనీ అన్నది నేనే. తాగి అన్నానో తెలివిలో అన్నానో నాకే గుర్తులేదు. అప్పుడే చూపించి ఉంటే మిగిలిన చూపు మిగిలేది. నువ్వు ఆగస్టులో రాసిన మాటలో సగం అబద్ధమైతే సగం నిజం. ఆ సగాన్ని నేను మోస్తాను.

పాత మందులన్నీ చూపించమంది, చూసింది, కొత్తవి రాసింది. ఇది తండ్రినుంచి పిల్లలకు వస్తుందట. తోబుట్టువులకూ ముప్పు ఎక్కువట. షుగరున్నవాళ్ళూ, మందపాటి అద్దాలవాళ్ళూ, కంటికి ఎప్పుడో దెబ్బ తగిలినవాళ్ళూ తప్పకుండా చూపించుకోవాలట. నువ్వు వెంటనే వెళ్ళు. దీనికి ఎదురుమాట వద్దు.

నీ అన్నయ్య


డిసెంబరు 2

అన్నయ్యా,

ఏమని రాయను. నీ ఉత్తరం అమ్మాయికి చూపించకుండా దొడ్లోకి తీసుకెళ్ళి చదివాను. నువ్వు గిన్నెలో తల పెట్టుకుని కూర్చున్నచోట ఆగిపోయాను, ముందుకు చదవలేకపోయాను. కళ్ళు పోతున్న మనిషిని పట్టుకుని తాగుబోతన్నాను. నా నోరు పడిపోను. చెవులతో పాటు ఆ దేవుడు నోరు కూడా తీసుకెళ్ళి ఉంటే బాగుండేది.

వదినకు చెప్పు, ఆ చీటీ నాకు చూపించనక్కర్లేదు. కాదు, చూపించమను. నేను చూడాలి.

నా గురించి బెంగపడకు. నా కన్ను కొత్తది, ఆపరేషన్ చేసినప్పుడు డాక్టరు ఒత్తిడి కూడా చూశాడు, బాగుందన్నాడు. శుక్లమే తీసేశాక ఇక జబ్బు రావడానికి ఏముంది అందులో?

ఒక్కటే నాకు తృప్తి. ఇన్ని నెలలూ నా చుక్కలైనా నీకు కాస్త సాయంగా ఉన్నాయి. నేనూ మానలేదు. ఎండలో తిరిగొచ్చాక దురదగా ఉంటే వేసుకుంటాను, చల్లగా ఉంటుంది. ఈ మధ్య రోజూ వేసుకుంటున్నాను. అమ్మాయి చేత రెండు సీసాలు తెప్పించి ఒకటి నీకు పంపుతున్నాను. కొత్త మందులతో పాటు ఇదీ వేసుకో.

నీ
గిలక


డిసెంబరు 9

గిలకా,

ముందు ఆ సీసా పారేసి, తర్వాత మిగతాది చదువు.

పారేశావా?

నవంబరులో నీకు ఒక సంగతి రాయలేదు. ఆ చుక్కల్లో ఉన్నది స్టెరాయిడ్. ఆపరేషన్ వాపు తగ్గడానికి కొన్ని వారాలు, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా వెయ్యాల్సిన మందు. ఊరికే నెలల తరబడి వేసుకుంటే కొందరికి కంట్లో తూము పూడిపోయి ఒత్తిడి పెరుగుతుంది. మనలాంటి ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇంకా ఎక్కువ. శుక్లాన్ని కూడా తెస్తుందట. నేను పది నెలలు వేసుకున్నాను. జబ్బు నాలో ఎన్నేళ్ళ నుంచో నెమ్మదిగా పాకుతూ ఉండి ఉంటుంది, ఈ మందు దాన్ని పరుగెత్తించింది. డాక్టరమ్మ సీసా చేతిలోకి తీసుకుని "ఇదెవరు రాశారు?" అని అడిగింది. షాపులో కొన్నానని చెప్పాను. నీ పేరు చెప్పలేదు. మీ వదినకు తెలుసు, తనను కూడా చెప్పనివ్వలేదు.

నీకు చెప్పకుండానే ఉండిపోదామనుకున్నాను. నువ్వు తట్టుకోలేవు. నువ్వు ప్రేమతో పంపావు, నేను డాక్టరును అడక్కుండా వేసుకున్నాను, తప్పు నాది. ఖాళీ సీసా పట్టుకుని షాపుకు పరుగెత్తింది నేను, నువ్వు కాదు.

కానీ నువ్వూ వేసుకుంటున్నావని చదివాక ఇక దాచలేను. రేపే వెళ్ళు. సీసా పేరు రాసుకెళ్ళి చూపించు. ఆ గిన్నె పరీక్ష చెయ్యమని అడుగు. వాళ్ళు చెప్పేది నీకు వినపడదు కాబట్టి అమ్మాయిని వెంట తీసుకెళ్ళు. వెళ్ళొచ్చి రాయి.

అన్నయ్య


జనవరి 6

గిలకా,

నాలుగు వారాలైంది. ఏమీ రాయలేదు.

కుడి కంటికి పోయినవారం ఆపరేషన్ చేశారు. నీరు పోవడానికి కొత్త దారి పెట్టారు. ఒత్తిడి దిగింది. వరసలు వంకరగా పోతే ఏమీ అనుకోకు, మీ వదిన స్కేలు అడ్డం పెట్టి పట్టుకుంటోంది.

నన్ను తిట్టు, నిన్ను నువ్వు తిట్టుకో, ఏదైనా రాయి. ఒక్కటి మాత్రం చెప్పు, వెళ్ళావా లేదా? నా కళ్ళ కంటే ఇప్పుడు నాకు అదే బెంగ.

అన్నయ్య


జనవరి 14

అన్నయ్యకు,

వెళ్ళాను. వెంటనే కాదు. నీ ఉత్తరం వచ్చాక పదిహేను రోజులు మంచం దిగలేదు. అన్న కళ్ళు పోగొట్టినదానికి కళ్ళెందుకు అనుకున్నాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, వెళ్ళకూడదనే అనుకున్నాను. అమ్మాయికి చెప్పక తప్పలేదు. అది నీ ఉత్తరం చదివి, చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది.

రెండు కళ్ళలోనూ ఒత్తిడి ఎక్కువగా ఉంది. నరం అరగడం మొదలైంది, మొదలైంది అంతే. మందు ఆపగానే కొంత దిగింది. మిగతాది నాన్న ఇచ్చిన ఆస్తి, దానికి బతికినన్నాళ్ళూ వేరే చుక్కలు వేసుకోవాలి. ఇంకో ఏడాది అలాగే గడిచి ఉంటే ఏమయ్యేదో డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఆపరేషన్ నాటి చీటీ ఇంట్లో వెతికి తీశాను. "ఆరు వారాల తర్వాత ఆపెయ్యాలి" అని పెద్ద అక్షరాలతో ఉంది. నాకు వినపడదనే ప్రత్యేకంగా రాసిచ్చారు. నేను రోజుకు నాలుగుసార్లు అన్నదాకా చదివి మడిచిపెట్టాను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరందరినీ వెక్కిరిస్తూ బతికాను. చేసింది నేను. తప్పు నీదని రాశావు. సగం నీది, సగం నాది. నాన్న సంగతిలో నీ సగం నువ్వు తీసుకున్నావు కదా, దీంట్లో నా సగం నన్ను తీసుకోనివ్వు.

ఇక నా కోపం విను. నేను రెండో సీసా పంపి ఉండకపోతే నువ్వు ఎప్పటికీ చెప్పేవాడివి కాదు. నా మనసు నొప్పించకూడదని ఊరుకునేవాడివి. నేను రోజూ చల్లగా ఉందనుకుంటూ ఆ చుక్కలు వేసుకునేదాన్ని, గోడలు పట్టుకునేదాకా. నీ నవంబరు ఉత్తరం నాలుగు కాగితాలు. అన్నీ రాశావు, నాకు అవసరమైన ఒక్క ముక్క తప్ప. నన్ను ఇంకెప్పుడూ అలా కాపాడకు అన్నయ్యా.

ఇకమీదట నన్ను ఏడిపించే సంగతి ఉంటే అది ముందు రాయి. క్షేమం తర్వాత అడగొచ్చు.

గిలక


జనవరి 22

ఎడమ కన్ను పూర్తిగా పోయింది. సోమవారం డాక్టరమ్మ టార్చి వేసి చూసింది, వెలుతురు కూడా తెలియలేదు. అది ఇక రాదు.

కుడి కన్ను నిలబడింది. ఈ ఉత్తరం దానితోనే రాస్తున్నాను. బస్సు మళ్ళీ తోలలేను. డిపోలో కూర్చుని చేసే పని ఇస్తామన్నారు, ఇంకా ఖాయం కాలేదు. పగలు పరవాలేదు కానీ సాయంత్రమయ్యేసరికి భయమేస్తోంది గిలకా. మీ వదినకు చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

నువ్వు క్షేమమా? ఇవాళ చుక్కలు వేసుకున్నావా?

అన్నయ్య